పథ్యం విడిపించే నేర్పు

బాలింతకు పథ్యం పెట్టడం ఇంట్లో ఎవరికైనా వస్తుంది. విడిపించడానికి మాత్రం అమ్మమ్మో నాయనమ్మో దగ్గరుండాలి. పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యితో మొదలైన కంచంలోకి కొన్నాళ్లకు బీరకాయ వస్తుంది, తర్వాత పొట్లకాయ. ఒకటి పెట్టి, ఆ రాత్రి పసిబిడ్డ కడుపు ఎలా ఉందో చూసి, మర్నాడు ఇంకొకటి. వంకాయ, గోంగూర చిట్టచివర. ఇక్కడ తొందరపడితే అంతవరకు పడ్డ కష్టమంతా పోతుందని ఆ పెద్దవాళ్లకు తెలుసు.

ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్, స్కాట్లండ్‌లోని గ్లాస్గో వైద్యులు కలిసి టైప్-2 షుగరుకు కట్టిన ఒక పథ్యం గురించి చదువుతుంటే నాకు పదేపదే ఆ పెద్దవాళ్లే గుర్తొచ్చారు. న్యూకాసిల్ నుంచి రాయ్ టేలర్, గ్లాస్గో నుంచి మైకేల్ లీన్ దానికి పెద్దలు. ఆ పథ్యాన్ని పరీక్షించిన అధ్యయనానికి పెట్టుకున్న పేరు డైరెక్ట్. మొదటి ఏడాది ఫలితాలు 2017 డిసెంబరులో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అప్పట్లో వార్తలన్నీ ‘షుగరు వెనక్కి మళ్లింది’ అన్న ముక్కనే పట్టుకున్నాయి. దాన్ని ఎంత ఓపికగా, ఎన్ని చిన్న చిన్న జాగ్రత్తలతో కట్టారో చెప్పినవాళ్లు తక్కువ. నాకు అదే ముఖ్యమనిపించింది.

ముందు జబ్బు సంగతి. నడుము చుట్టుకొలత, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్టరాల్ అనే హెచ్‌డీఎల్, బీపీ, పరగడుపు షుగరు. ఈ అయిదింటిలో మూడు గీత దాటితే దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. మనవాళ్లకు ఆ గీతలు ఇవి: నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80, ట్రైగ్లిజరైడ్లు 150, బీపీ 130/85, పరగడుపు షుగరు 100. హెచ్‌డీఎల్ మాత్రం మగవాళ్లకు 40కి, ఆడవాళ్లకు 50కి తగ్గకూడదు. ఇవన్నీ ఒకే మనిషిలో గుంపుగా కనిపిస్తున్నాయనీ, వెనక ఇన్సులిన్ మాట వినని శరీరం ఉందనీ 1988లో అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవెన్ గట్టిగా చెప్పారు. అయినా వైద్యం ముక్కలుగానే సాగింది. బీపీకి ఒక మాత్ర, షుగరుకు రెండు, కొవ్వుకు ఇంకొకటి. మన ఇళ్లలో టీవీ పక్కన పెట్టుకునే మందుల డబ్బా ఇలా నిండిందే.

టేలర్ కథ 2006లో మొదలవుతుంది. ఊబకాయానికి పొట్ట ఆపరేషన్ చేయించుకున్న షుగరు రోగులకు వారం రోజుల్లోనే పరగడుపు షుగరు మామూలు స్థాయికి వచ్చిందని ఆయన ఒక పరిశోధనలో చూశారు. వారంలో బరువేమంత తగ్గదు కదా, మరి షుగరు ఎలా తగ్గింది? పేగుల హార్మోన్లు మారాయని అప్పట్లో చాలామంది అనుకున్నారు. టేలర్ అంతకంటే మామూలు కారణం వెతికారు. ఆపరేషనైన మనిషి ఉన్నట్టుండి తిండి తగ్గిస్తాడు. అప్పుడు ఒంట్లో అన్నిటికంటే ముందు కరిగేది కాలేయంలోని కొవ్వు. అదే కారణమైతే ఆపరేషన్ అక్కర్లేదు, తిండి ఒక్కటి తగ్గించినా ఇదే జరగాలి.

ఈ ఊహను ఆయన 2008లో జంట చక్రాల సిద్ధాంతంగా ప్రకటించారు. చర్మం కింద కొవ్వు దాచుకునే గాదె ఒక్కో మనిషికి ఒక్కో కొలతలో ఉంటుంది. అది నిండాక మిగిలింది కాలేయంలో పేరుకుంటుంది. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట వినదు. రాత్రంతా చక్కెర తయారు చేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. దాన్ని అణచడానికి క్లోమం ఇంకా ఇన్సులిన్ పోస్తుంది. ఆ ఇన్సులినేమో తిన్న పిండిపదార్థాన్ని కొవ్వుగా మార్చమని కాలేయాన్ని ఇంకా తొందరపెడుతుంది. ఇది మొదటి చక్రం. ఆ కొవ్వును కాలేయం ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి పంపిస్తుంది. అందులో కొంత క్లోమంలో చేరి, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను మొద్దుబారుస్తుంది. ఇది రెండో చక్రం. ఒకటి రెండోదాన్ని తోస్తుంది, రెండోది మొదటిదాన్ని తోస్తుంది. ల్యాబు రిపోర్టులో విడివిడి గళ్లలో కనిపించే అంకెలు ఇక్కడ ఒక్క తాడుకు చేరాయి. ఈ సిద్ధాంతంలో నాకు అన్నిటికంటే నచ్చిందేమిటంటే, అది తప్పని తేలడానికి కూడా చోటు ఉంచుకుంది. కాలేయం ముందు తేలికపడాలి, తర్వాత క్లోమం. క్రమం తారుమారైతే సిద్ధాంతమే పోతుంది.

దాన్ని పరీక్షించడానికి ఎంచుకున్నది 11 మందిని. షుగరు వచ్చి నాలుగేళ్లు దాటనివాళ్లు. మాత్రలు మాన్పించారు. ఎనిమిది వారాలు రోజుకు సుమారు 600 కేలరీలు: పొడి కలుపుకొని తాగే ద్రవాహారం, పిండిపదార్థం తక్కువున్న కూరగాయలు, దండిగా నీళ్లు. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టొద్దని, రోజూ ఎంత తిరుగుతారో అంతే తిరగమని చెప్పారు. ఫలితం తిండి వల్లనా నడక వల్లనా అన్న అనుమానానికి తావివ్వకూడదు కదా. ఆహారం పొడి రూపంలో ఉండడానికీ అలాంటి కారణమే. ఏ పూట ఎంత తిన్నాడో రోగి అంచనాకు వదలకుండా పొట్లం మీద రాసి ఉంటుంది. అందులో మాంసకృత్తులు, విటమిన్లు, ఖనిజాలు రోజుకు సరిపడా కలిపి ఉంటాయి. కాబట్టి కేలరీలు తగ్గినా పోషణ తగ్గలేదు. మన లంఖణానికీ దీనికీ ఉన్న తేడా అదే.

కొలిచిన తీరు ఇంకా సున్నితమైనది. క్లోమం మహా ఇబ్బందికరమైన అవయవం. పొట్ట వెనక దాగి ఉంటుంది, అంచులు తమ్మెలు తమ్మెలుగా ఉంటాయి, చుట్టూ కొవ్వే. లోపలి కొవ్వును కొలవబోతే చుట్టూ ఉన్నది లెక్కలోకి వచ్చేస్తుంది. రోగి ఊపిరి బిగబట్టి ఉండగా ఎమ్మారైతో నీటి సంకేతాన్నీ కొవ్వు సంకేతాన్నీ వేరు చేసే పద్ధతిని న్యూకాసిల్ బృందం దీనికి వాడింది. తర్వాతి ఏళ్లలో దాన్ని ఇంకా పదును పెట్టింది. సూదితో ముక్క తీసినట్టు, గ్రంథి లోపల మాత్రమే చిన్న చిన్న వలయాలు గీసి అక్కడి కొవ్వునే లెక్కించే పద్ధతి తయారు చేసుకుంది. కొలిచే సాధనం సరిపోనప్పుడు ప్రశ్నను సులువు చేసుకోవడం తేలిక. వీళ్లు సాధనాన్నే చెక్కుకున్నారు.

మొదటి వారంలోనే సగటు పరగడుపు షుగరు సుమారు 165 నుంచి 106కి దిగింది. కాలేయపు కొవ్వు ఆ వారంలోనే దాదాపు మూడోవంతు పోయింది. ఎనిమిది వారాలకు అది 12.8 శాతం నుంచి 2.9కి చేరింది. క్లోమం నెమ్మదిగా కదిలింది: 8 శాతం నుంచి 6.2కి. అన్నం తిన్న వెంటనే రావాల్సిన తొలి విడత ఇన్సులిన్ మళ్లీ పలకడం మొదలుపెట్టింది. సగటున 15 కిలోలు తగ్గారు. ముందు కాలేయం, తర్వాత క్లోమం. మూడేళ్ల ముందు కాగితం మీద రాసుకున్న క్రమంలోనే జరిగింది. ఇదంతా 2011లో అచ్చయింది. క్లోమంలోంచి పోవాల్సిన కొవ్వు గ్రాము కంటే తక్కువేనని తర్వాతి కొలతల్లో తేలింది. ఆ కాస్త కొవ్వు కదలడానికి ఒళ్లంతా కిలోల లెక్కన తగ్గాలి.

పదకొండు మంది మీద, పెద్ద యంత్రాల మధ్య జరిగింది ఊళ్లో డాక్టరు గదిలో జరుగుతుందా అన్నది తర్వాతి ప్రశ్న. డైరెక్ట్ పుట్టింది దానికోసమే. స్కాట్లండ్‌లోనూ ఇంగ్లండ్‌లోని టైన్‌సైడ్ ప్రాంతంలోనూ 49 ప్రాథమిక వైద్యశాలలు, 306 మంది రోగులు. షుగరు వచ్చి ఆరేళ్లు దాటకూడదు, ఇన్సులిన్ మీద ఉండకూడదు. రోగులను రెండు వాటాలు వెయ్యలేదు, వైద్యశాలలనే వేశారు. ఒకే నర్సు ఒకరికి కొత్త పథ్యం చెప్పి, పక్క కుర్చీలో ఉన్నవారికి పాత సలహా చెప్పలేదు కదా! చెప్పినా ఆ ఇద్దరూ బయట బస్టాపులో మాట్లాడుకుంటారు. మనుషులు ఎలా ఉంటారో తెలిసినవాళ్లు చేసిన ఏర్పాటు అది. పథ్యం నడిపించింది కూడా పెద్ద నిపుణులు కాదు. ఎనిమిది గంటల శిక్షణ తీసుకున్న ఆ వైద్యశాలల నర్సులు, డైటీషియన్లే నడిపించారు.

ఇక ఆ పథ్యం కట్టుబడి. మొదటి మూడు నుంచి అయిదు నెలలు రోజుకు 825 నుంచి 853 కేలరీలు, అంతా ద్రవాహారమే. మొదటి రోజే షుగరు మాత్రలు, బీపీ మాత్రలు ఆపేశారు. ఈ వాక్యాన్ని నేను మొదటిసారి చదివినప్పుడు ఆగిపోయాను. మందులు మెల్లగా తగ్గిస్తారనే ఎవరైనా అనుకుంటారు. కానీ తిండి ఒక్కసారిగా ఇంత తగ్గినప్పుడు గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర మింగితే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. బీపీ మాత్ర వేసుకుంటే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. అందుకే ముందే ఆపి, వస్తూ పోతూ ఉండే రోగిని గమనిస్తూ, షుగరో బీపీయో మళ్లీ పెరిగితే మళ్లీ ఇచ్చారు. ఎప్పుడు ఇవ్వాలో ముందే రాసుకున్నారు. మలబద్ధకం వస్తుందని తెలుసు కనుక పీచు పొడి కూడా ముందే చేతికిచ్చారు. రోజుకు రెండు లీటర్ల పైచిలుకు ద్రవాలు తాగమన్నారు. రోగి వచ్చి చెప్పుకోకముందే ఊహించి పెట్టిన ఇలాంటి చిన్న ఏర్పాట్లలోనే చేయి తిరిగిన పని తెలుస్తుంది.

తర్వాత వచ్చేదే నన్ను అమ్మమ్మల దగ్గరికి తీసుకెళ్లిన భాగం. ద్రవాహారం నుంచి మామూలు తిండికి రావడానికి రెండు నుంచి ఎనిమిది వారాలు పెట్టారు. మెట్టు మెట్టుగా పొడి పొట్లాల స్థానంలోకి కొలిచిన భోజనం వస్తుంది. ఒకటి కుదిరాకే ఇంకొకటి. ఈ తిండిలో సగం శక్తి పిండిపదార్థాల నుంచే. గమనించండి, అన్నం, రొట్టె జీవితకాలం నిషేధం అని ఎక్కడా లేదు. నడక పెంచమన్నది కూడా ఇప్పుడే. వీలైతే రోజుకు 15,000 అడుగుల దాకా. ఆకలితో ఉన్న నెలల్లో వ్యాయామం జోలికి పోనివ్వకుండా, తిండి తిరిగొచ్చాక దాన్ని తేవడంలో కాలజ్ఞానం ఉంది. ఆ తర్వాత రెండేళ్ల దాకా నెలకోసారి కలుస్తూ ఉండాలి. బరువు రెండు కిలోలకు మించి తిరిగొచ్చినా, షుగరు తిరగబెట్టినా ఏం చెయ్యాలో అదీ రాసి ఉంది. కొన్ని వారాలు మళ్లీ ద్రవాహారం, మళ్లీ మెట్లు. మనిషి జారతాడని ముందే ఒప్పుకుని, జారినప్పుడు పట్టుకునే కొయ్యను ముందే పాతిపెట్టారు. తిట్టడానికి చోటు పెట్టలేదు. మన ఊళ్లలో డైట్ చార్టు అంటే చేతిలో పెట్టే ఒక కాగితం. ఏం మానాలో ఉంటుంది, ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలో ఉండదు, తప్పిపోతే ఏం చెయ్యాలో అసలుండదు. ఆ కాగితం నెల తిరిగేసరికి ఫ్రిజ్ మీద మరకలు పడి ఉంటుందంటే తప్పు రోగి ఒక్కడిదే అనుకోను.

ఏడాది తర్వాత, మాత్రలేవీ లేకుండా, మూడు నెలల సగటు షుగరును చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 లోపు ఉన్నవాళ్లు ఈ పథ్యం చేసినవారిలో 46 శాతం. మామూలు వైద్యం పొందినవారిలో 4 శాతం. ఈ రెండు అంకెలూ అందరికీ తెలిసినవే. నేను ఎక్కువసేపు చూసింది ఇంకో వరుసను. బరువు పెరిగినవాళ్లలో ఒక్కరికీ షుగరు వెనక్కి మళ్లలేదు. అయిదు కిలోల లోపు తగ్గినవాళ్లలో 7 శాతానికి మళ్లింది. అయిదు నుంచి పది కిలోలు తగ్గితే 34, పది నుంచి పదిహేను తగ్గితే 57, పదిహేను దాటితే 86. ఏ మందో ఏ మూలికో కాదు, ఒంట్లోంచి పోయిన బరువే పని చేసిందని ఇంత స్పష్టంగా చెప్పే వరుస నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

రెండేళ్లకు 46 కాస్తా 36 అయింది. అయిదేళ్ల దాకా కొనసాగిన 85 మందిలో షుగరు వెనక్కి మళ్లి ఉన్నవాళ్లు 11 మందే మిగిలారు. ఈ అంకెలను కూడా అదే బృందం, అదే స్పష్టతతో అచ్చు వేసింది. తీవ్రమైన ఆరోగ్య సమస్యలు మాత్రం ఆ అయిదేళ్లలో పథ్యం చేసినవాళ్లకు, మామూలు వైద్యం పొందిన వాటాతో పోలిస్తే సగానికి తక్కువే వచ్చాయి. తిరగబెట్టినవాళ్లను వైఫల్యాలుగా లెక్క కట్టి వదిలేయకుండా మళ్లీ స్కానింగ్ గదిలోకి పిలిచారు. బరువు తిరిగొచ్చినవాళ్లలో కాలేయం మళ్లీ కొవ్వు పంపడం మొదలుపెట్టిందనీ, క్లోమంలో కొవ్వు మళ్లీ పెరిగిందనీ 2020లో చూపించారు. చక్రాలు ఏ వరుసలో ఆగాయో ఆ వరుసలోనే మళ్లీ తిరిగాయి. తమ ఓటమి నుంచి కూడా తమ సిద్ధాంతానికి సాక్ష్యం రాబట్టిన పని ఇది. షుగరు వెనక్కి మళ్లి అలాగే నిలిచినవాళ్లలో చిక్కిపోయిన క్లోమం రెండేళ్లలో నెమ్మదిగా పరిమాణం పెంచుకోవడం కూడా స్కాన్లలో కనిపించింది.

ఇక మన సంగతికొద్దాం. డైరెక్ట్‌లో చేరినవాళ్ల బీఎంఐ 27కి పైమాటే. మన ఇళ్లలో షుగరు, ట్రైగ్లిజరైడ్లు ఉన్న చాలామంది చూడటానికి బక్కగానే ఉంటారు. పొట్ట మాత్రం ముందుకు ఉంటుంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్‌లో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2. తెల్లవాడి గాదె పెద్దది, మన గాదె చిన్నది అనుకుంటే టేలర్ సిద్ధాంతం మనకు ఇంకా బాగా వర్తిస్తుంది. మనకు కొవ్వు పొంగి కాలేయంలోకి పోవడానికి లావు కానక్కర్లేదు.

టేలర్ బృందం దీన్నీ పరీక్షించింది. బీఎంఐ 27 లోపు ఉన్న 20 మంది షుగరు రోగులకు అయిదు శాతం బరువు తగ్గడం, కొన్ని వారాలు అక్కడే నిలకడగా ఉండడం, మళ్లీ అయిదు శాతం. ఇలా విడతలు విడతలుగా చేయించింది. 14 మందికి షుగరు వెనక్కి మళ్లింది. లావుగా లేని మనిషిని పదిహేను కిలోలు తగ్గమనడం అన్యాయమని తెలిసి, కొలతను మనిషికి తగ్గట్టు కత్తిరించారు. గ్లాస్గోలో దక్షిణాసియా మూలాలున్న 25 మందితో కూడా ఈ తరహా పథ్యాన్ని చిన్న స్థాయిలో నడిపారు. చిన్న అధ్యయనాలే. అయినా దారి మనవైపే ఉంది.

ఈ దారిలో మనకు ఇంకా లేనిది ఒకటుంది. విడిపించే భాగం మన తిండిలో రాసుకోలేదు. వాళ్ల మెట్లలో ఉడికిన బంగాళాదుంప, బ్రెడ్డు, చికెన్ ఉంటాయి. మన మెట్లలో ఉండాల్సింది గరిటెడు అన్నం, కప్పు పెసరపప్పు, ఆనపకాయ కూర, పలచటి మజ్జిగ, గుడ్డు, చేపల పులుసు. ఇడ్లీ ఒకటా రెండా, చట్నీలో పల్లీలు ఎన్ని, పులిహోర, బూరెలు పెట్టే పండగ రోజు మెట్టు ఎక్కడ ఆగాలి, పెళ్లి విందు నుంచి ఇంటికొచ్చిన మర్నాడు ఏం తాగాలి అన్నవి అందులో ఉండాలి. ముడిసరుకు మన దగ్గరే ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 రకాల భారతీయ ఆహార పదార్థాల పోషక విలువలను కొలిచి పట్టికలు వేసింది. కొర్రలు, అలసందలు, తోటకూర అన్నీ అందులో ఉన్నాయి. ఆ పట్టికలకూ మన వంటింటికీ మధ్య నిచ్చెన వేయాల్సింది మన డైటీషియన్లు, వైద్యులు. మన వైపు ఆ పని తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. కలిసి కూర్చుని, తెలుగులో, గరిటెల లెక్కన, పథ్యం మొదలుపెట్టడం నుంచి విడిపించడం దాకా ఒక పుస్తకం రాయమని వాళ్లను వేడుకుంటున్నాను.

చదివినవారికి ఒక మాట. ఇంట్లో దర్జీ టేపు ఉంటే ఇవాళే బొడ్డు దగ్గర నడుము కొలవండి. 90 గానీ 80 గానీ దాటితే పాత రిపోర్టులు తీసి మిగతా నాలుగు అంకెలూ పక్కన రాసుకోండి. అయితే షుగరుకో బీపీకో మందులు వాడుతున్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు ఈ పథ్యాన్ని సొంతంగా మొదలుపెట్టవద్దు. మొదటి రోజే మాత్రలు ఆపింది అక్కడి వైద్యులు, రోగులు కాదు. ఆ అయిదు అంకెలున్న కాగితం పట్టుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏం మానాలని అడిగాక, మళ్లీ ఎప్పుడు, దేనితో మొదలుపెట్టాలని కూడా అడగండి.